పాడినవారి పేరుతో మొదలుపెట్టి

విజయనగరంలో సంగీతం గురించి అభిప్రాయం లేని మనిషి అరుదు. 1919లో విజయరామ గజపతిరాజు నెలకొల్పిన సంగీత కళాశాల ఇక్కడే ఉంది. ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి తొలి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామినాయుడు గారు అక్కడే వయొలిన్ బోధించారు, ఘంటసాల గారు అక్కడే చదువుకున్నారు, సుశీల గారు ఈ ఊరి ఆడపడుచు. అందుచేత కోట కూడలిలో టీ తాగుతూనే ఘంటసాల పద్యం గురించీ సుశీల గొంతులోని నిదానం గురించీ గంటసేపు వాదించగలవారు మన ఊళ్ళో ఎప్పుడూ దొరుకుతారు. అయితే నెల్లిమర్లలోనో ఆమదాలవలసలోనో ఒక కుర్రవాడు తన గదిలో కూర్చుని తానే రాసి, తానే పాడి, తానే రికార్డు చేసి యూట్యూబులో పెట్టిన పాట గురించి నాలుగు మాటలు చెప్పేవారిని వెతికితే మాత్రం కనిపించరు. ఆ నాలుగు మాటలు రాయడం నాకు ఎలా అలవాటైందో, దానికి నేనొక పద్ధతిని ఎలా ఏర్పరచుకున్నానో చెప్పడానికి ఇది రాస్తున్నాను.

నేను ఒక ప్రైవేటు కళాశాలలో గణితం చెబుతాను. చిన్నతనంలో ఒక గురువుగారి దగ్గర కొన్నేళ్ళు గాత్రం నేర్చుకున్నాను కాబట్టి శ్రుతీ తాళమూ చెవికి తెలుసు. అందరిలాగే సినిమా పాటా కచేరీ పాటా వింటూ పెరిగాను. ఈ రెండింటికీ బయట పుట్టే పాట మీద నా దృష్టి పడింది 2020లో. ఆ ఏడాది ఆగస్టులో వంగపండు ప్రసాదరావు గారు కన్నుమూసినప్పుడు, లాక్‌డౌన్ వల్ల ఇళ్ళల్లోనే ఉండిపోయిన యువతీయువకులు ఎందరో ఆయన పాటలను తమ గొంతుతో పాడి పెట్టారు. వాటిని ఒకటొకటిగా వింటూ పోయేసరికి, అదే గొంతులు తమ సొంత పాటలు కూడా పెట్టి ఉన్నాయని తెలిసింది. వంగపండు పాట పాడినప్పుడు వేలమంది విన్నారు. అదే పిల్లవాడు తన ఊరి జీడితోటల మీద రాసుకున్న పాటను వందమంది కూడా వినలేదు. ఆ పాట కింద ఉన్న అభిప్రాయాలు చూస్తే అన్నీ ‘సూపర్ బ్రో’, ‘అదరగొట్టావ్’, చప్పట్ల బొమ్మలు. పాడినవాడి కష్టానికి అవి ఆదరణే అనుకోండి, నేను వాటిని తక్కువ చేయను. కానీ ఆ పాట వినని మనిషికి వినాలనిపించే ముక్క అందులో ఒక్కటీ లేదు. పాడినవాడు తరువాతి పాటకు ఏం సరిచూసుకోవాలో తెలిపే ముక్క కూడా లేదు.

సినిమా పాట విడుదలైతే పోస్టరు ఉంటుంది, టీజరు ఉంటుంది, ఎఫ్.ఎం.లు వాయిస్తాయి, హీరో అభిమానులు మోస్తారు. సొంతంగా చేసుకున్న పాటకు వీటిలో ఏదీ ఉండదు. విన్నవాళ్ళు రాసే రెండు వాక్యాలే దానికి పోస్టరూ టీజరూ. కాబట్టి ఆ రెండు వాక్యాలను బాధ్యతగా రాయాలని నిశ్చయించుకున్నాను.

మొదటి పని వెతకడం. ఫోను దానంతట అది చూపించే పాటల మీద ఆధారపడితే ఈ సంగీతం దాదాపుగా మన కంట పడదు. పాటలు వినిపించే యాప్ స్పాటిఫై 2015 నుంచి వారం వారం ఇచ్చే ‘డిస్కవర్ వీక్లీ’ లాంటి జాబితాలు ప్రధానంగా మనలాంటి అభిరుచి ఉన్న ఇతర శ్రోతలు ఏం విన్నారన్న దాని మీద నడుస్తాయి. ఎవరూ వినని పాటకు అలాంటి చరిత్రే ఉండదు కాబట్టి అది జాబితాలోకి ఎక్కదు, జాబితాలోకి ఎక్కదు కాబట్టి ఎవరూ వినరు. ఆ వలయాన్ని మనిషే తెంచాలి. నేను యూట్యూబులో వెతికేటప్పుడు పాట పేరుతో కాక ఊరి పేరుతో, వాయిద్యం పేరుతో వెతకడం మొదలుపెట్టాను. జముకు, తప్పెటగుళ్ళు, పలాస, సీతంపేట, గరివిడి, బొబ్బిలి ఇలా ఒక్కొక్క మాటనూ తెలుగు అక్షరాల్లో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాల్లో రకరకాల స్పెల్లింగులతో మరోసారి వేసి చూడాలి, ఎందుకంటే ఎక్కించినవారు ఏది వాడారో ముందుగా మనకు తెలియదు. ఆ తరువాత ఫలితాలను ‘ఈ నెల’కు పరిమితం చేస్తే, లక్షల వ్యూలున్న పాత డీజే మిక్సులు పక్కకు తప్పుకుని, నిన్న మొన్న ఎక్కించిన చిన్న పాటలు పైకి వస్తాయి. ఒక పాట నచ్చితే దాని కింద వివరాల్లో ఉన్న ప్రతి పేరునూ పట్టుకుని వెళ్ళాలి. కీబోర్డు వాయించినవారికి సొంత ఛానెల్ ఉంటుంది, మిక్సింగు చేసినవారు మరో ముగ్గురికి చేసి ఉంటారు. నాకు మంచి పాటలు ఎక్కువగా దొరికింది గాయకుల ద్వారా కాదు, శ్రీకాకుళంలో చిన్న రికార్డింగు గది నడుపుకొనే మిక్సింగు కుర్రవాళ్ళ ద్వారా.

కళాకారులు తమ పాటలను తామే పెట్టుకునే బ్యాండ్‌క్యాంప్, సౌండ్‌క్లౌడ్ వెబ్‌సైట్లు కూడా చూస్తాను. సౌండ్‌క్లౌడులో పాట ఒక అలల పట్టీగా కనిపిస్తుంది, ఆ పట్టీ మీద ఏ క్షణం దగ్గరైనా ఆగి అక్కడే అభిప్రాయం రాయవచ్చు. ఆ ఏర్పాటు చూసిన తరువాతనే, అభిప్రాయమంటే పాట మొత్తం మీద ఒక ముద్ర వేయడం అన్న ఆలోచన నాలో పోయింది. ఇప్పుడు నేను ఎక్కడ రాసినా ‘1 నిమిషం 40 సెకన్ల దగ్గర’ అని చెప్పి రాస్తాను. అక్కడ ఏం జరిగిందో చదివినవారు తమ చెవితో సరిచూసుకోవచ్చు, ఒప్పుకోకపోతే ఒప్పుకోకపోవచ్చు.

లెక్కలు చెప్పే మనిషిని కాబట్టి ఒక విషయం ఇక్కడ చెప్పక తప్పదు. స్పాటిఫైలో ఒక పాటను కనీసం 30 సెకన్లు వింటేనే అది ఒక వినికిడిగా లెక్కకు వస్తుంది. 2024 నుంచి, గడచిన 12 నెలల్లో కనీసం 1,000 సార్లు వినబడని పాటకు అక్కడ రాయల్టీలో వాటా రాదు. సినిమా పాట ఈ గీతను విడుదలైన రోజునే దాటుతుంది, రణస్థలం కుర్రవాడి పాటకు ఏడాదంతా పట్టినా పట్టవచ్చు. 30 సెకన్ల లెక్క పాట రూపాన్నే మారుస్తోందని నా అనుమానం. కొత్తగా చేస్తున్న జానపదాల్లో, దరువు మొదలయ్యేముందు నిదానంగా పాడే సాకీ కనిపించడం లేదు, మొదటి సెకను నుంచే దరువు మొదలవుతోంది. నిదానంగా ఎత్తుకుని, గొంతు సవరించుకుని, శ్రోతను దగ్గరకు పిలిచే ఆ ఎత్తుగడ మన ఉత్తరాంధ్ర పాటకు ప్రాణం. దాన్ని ధైర్యంగా ఉంచుకున్న పాట కనబడితే నేను ఆ సంగతిని తప్పకుండా రాస్తాను.

వెతకడం కన్నా వినడానికే ఎక్కువ సమయం ఇవ్వాలి. మొదటిసారి విన్నప్పుడు ఏమీ రాయను. రెండోసారి ఇయర్‌ఫోన్లతో, మూడోసారి ఇంట్లో ఉన్న పాత స్పీకర్లతో వింటాను. ఇది ఎందుకు అవసరమో జముకు నాకు నేర్పింది. జముకు అంటే ఒకవైపు చర్మం బిగించిన గొట్టం. ఆ చర్మం మధ్య నుంచి ఒక తీగ వస్తుంది. వాయిద్యాన్ని చంకలో ఇరికించుకుని, తీగను ఒక చేత్తో బిగిస్తూ వదులుతూ మీటితే స్వరం పైకీ కిందికీ జారుతుంది. ఫోను స్పీకరు మంద్ర ధ్వనులను పలికించలేదు కాబట్టి అందులో జముకు ‘టక్ టక్’ అని మాత్రమే వినిపిస్తుంది. అదే పాటను మంచి ఇయర్‌ఫోన్లతో వింటే, ఆ టక్కు వెనకాల ‘బూఁవ్’ అని సాగే నాదం, కథకుడు చరణం చివర గొంతు దించినప్పుడు జముకు కూడా అతనితో పాటే కిందికి జారడం, అతను ఊపిరి తీసుకునే ఖాళీలో వంతపాట అందుకోవడం అన్నీ తెలుస్తాయి. ఫోను స్పీకరులో విని ‘సంగీతం లేదు, ఊరికే డబ్బా కొట్టినట్టుంది’ అని రాసినవారిని చూశాను. వారిని తప్పుపట్టడం కన్నా, ‘దయచేసి ఇయర్‌ఫోన్లతో వినండి, 2 నిమిషాల 10 సెకన్ల దగ్గర జముకును గమనించండి’ అని కింద రాయడం మేలని తోచింది. అలా రాసినప్పుడు మళ్ళీ విని వచ్చి, తేడా తెలిసిందని చెప్పినవారు ఉన్నారు.

ఇక నాకు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి పేర్ల విషయం.

ఒక ఛానెల్‌లో ఒక జముకుల పాట విన్నాను. పల్లెలో రాత్రిపూట తీసిన వీడియో. పెద్దవయసు గొంతు, కాస్త బొంగురు, కానీ శ్రుతి ఎక్కడా చెదరలేదు. శీర్షికలో ‘ఉత్తరాంధ్ర జానపదం, మిస్ అవ్వకండి’ అని ఉంది. వివరాల్లో ఛానెల్ పేరు ఉంది, కెమెరా ఎవరిదో ఉంది, ఎడిటింగు ఎవరిదో ఉంది, డీజే ఎవరో ఉంది. పాడినాయన పేరు లేదు, జముకు వాయించినాయన పేరు లేదు. నేను మర్యాదగా అడుగుతూ రాశాను. జవాబు రాలేదు. ఛానెల్ వారికి విడిగా కూడా రాశాను, దానికీ రాలేదు. కొన్నాళ్ళకు అదే పాటను మరో ఛానెల్ తీసుకుని, దరువు కలిపి, తమదిగా పెట్టుకుంది. ఈసారి మొదటి ఛానెల్ పేరు కూడా లేదు.

మా ఊరి పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం విజయదశమి తరువాత వచ్చే మంగళవారం జరుగుతుంది. ముందు రోజు తొలేళ్ళు. ఆ రెండు రోజుల్లోనూ చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కళాకారులు బృందాలుగా వస్తారు. తప్పెటగుళ్ళవారు ఛాతీకి తప్పెట కట్టుకుని, కాళ్ళకు గజ్జెలతో ఎగిరి ఆడతారు. తొలేళ్ళ నాడు నేను ఫోనులో ఆ వీడియో పెట్టుకుని, కనిపించిన ప్రతి బృందాన్నీ, ఎవరైనా గుర్తుపడతారేమోనని అడుగుతూ తిరిగాను. గంటస్తంభం దగ్గర విశ్రాంతి తీసుకుంటున్న ఒక తప్పెటగుళ్ళ గురువు ఆ ఫోను చెవి దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుని విన్నారు. ముఖం చూడలేదు, గొంతు మాత్రమే విన్నారు. “ఈ గొంతు నానెరుగుదునమ్మా. మా ఏపు మనిసే. పాట సివర అలగ ఇరవడం ఇంకోడికి రాదు” అని, పాడినాయన పేరూ ఊరూ చెప్పారు.

తరువాత ఒక ఆదివారం ఆ ఊరు వెళ్ళాను. పెద్దాయన ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఆ వీడియో ఆయన ఎప్పుడూ చూడలేదు. ఇంటర్మీడియట్ చదువుతున్న మనవరాలు నా ఫోనులోంచి వినిపిస్తే, మొదట తన పాట వినకుండా పక్కన జముకు వాయించినాయన ముఖం కోసం వెతికారు. “మా వొంతోడు ఎల్లిపోనాడమ్మా, రెండేళ్ళయింది. ఈడి పేరు ఎయ్యలేదేటి?” అని అడిగారు. తన పేరు సంగతి ఆయన ఎత్తనే లేదు. ఆ రోజు నలుగురి పేర్లూ రాసుకున్నాను: కథ చెప్పినవారు, జముకు వాయించినవారు, వంత పాడిన ఇద్దరు. ఆ పాట ఆయనకు ఎవరి దగ్గర నుంచి వచ్చిందో కూడా అడిగాను. మేనమామ నేర్పారట, ఆయనకు ఎవరు నేర్పారో తెలియదట. మనవరాలు నా పుస్తకంలో అక్షరాలు సరిగా ఉన్నాయో లేదో తానే చూసి దిద్దింది.

నాకు తెలిసిన ఒక న్యాయవాదిని అడిగి, చట్టం ఏమంటుందో చదివాను. కాపీరైటు చట్టం 1957 నాటిది. 1994 సవరణలో ప్రదర్శకులకు తమ ప్రదర్శన మీద హక్కు కల్పించారు, ఇప్పుడు దాని కాలం 50 ఏళ్ళు. 2012 సవరణలో 38బి సెక్షను చేరింది. దాని ప్రకారం, ఆ ప్రదర్శన తనదేనని గుర్తింపు కోరే హక్కు ప్రదర్శకుడికి ఉంది. తన ప్రతిష్ఠకు భంగం కలిగేలా దాన్ని వక్రీకరిస్తే అడ్డుకునే హక్కు కూడా ఉంది. తరతరాల నుంచి వస్తున్న జానపదానికి రచయిత ఎవరో తెలియకపోవచ్చు. అందుచేత ‘పాట అందరిదీ’ అనే మాట తేలికగా వచ్చేస్తుంది. పాట అందరిదే కావచ్చు, ఆ రాత్రి పాడిన గొంతు మాత్రం ఒక మనిషిది. ఆ మనిషికి పేరుంది, ఊరుంది, వెంట నిలిచిన వంతగాళ్ళున్నారు. కోర్టుకు వెళ్ళే ఆలోచన పెద్దాయనకు లేదు, నాకూ లేదు. ఉన్న హక్కు ఏమిటో తెలిసి మాట్లాడటం వేరు, తెలియక బతిమాలడం వేరు. రెండో ఛానెల్ వారికి నేను ఆ సెక్షను సంఖ్య వేసి రాసినప్పుడు వారు వీడియో తీసివేశారు. మొదటి ఛానెల్ ఇప్పటికీ పేర్లు వేయలేదు. దాని కింద ఆ నలుగురి పేర్లతో నేను రాసిన అభిప్రాయం ఉంది, చదివినవారు దానికి మద్దతు తెలపడంతో అది పైవరుసలో కనిపిస్తోంది.

అప్పటి నుంచి నా పద్ధతి స్థిరపడింది. ఏ పాట గురించి రాసినా మొదటి వరుసలో పాడినవారు, రాసినవారు, వాయించినవారు, రికార్డు చేసినవారు, ఊరు. పేరు దొరకకపోతే ‘పేరు వేయలేదు, తెలిసినవారు చెప్పండి’ అని రాస్తాను. ఆ తరువాతే నా చెవికి ఏం తెలిసిందో రాస్తాను, నచ్చిందో లేదో చివర్లో రాస్తాను. నచ్చడం నచ్చకపోవడం నా ఒక్కదానికి సంబంధించిన సంగతి, అది రేపు మారవచ్చు కూడా. పేర్లు మారవు.

ఈ పేర్లు యూట్యూబు అభిప్రాయాల్లో మాత్రమే ఉంటే వీడియో పోయిన రోజున అవీ పోతాయి. అందుకని మ్యూజిక్‌బ్రెయిన్జ్‌లో ఖాతా తెరిచాను. అది 2000లో మొదలైన బహిరంగ సంగీత సమాచార భాండాగారం, వికీపీడియాలాగే ఎవరైనా సమాచారం చేర్చవచ్చు, మిగతా సభ్యులు సరిచూస్తారు. ప్రతి కళాకారుడికీ, ప్రతి రికార్డింగుకూ ఒక శాశ్వత గుర్తింపు సంఖ్య వస్తుంది. పేరు తెలుగు లిపిలోనే ఇచ్చి, ఇంగ్లీషు స్పెల్లింగులను మారుపేర్లుగా చేర్చవచ్చు. ఎవరు ఏ వాయిద్యం వాయించారో విడివిడిగా చెప్పవచ్చు. పెద్దాయన బృందం పేర్లను అక్కడ నమోదు చేసేటప్పుడు ఒక ఇబ్బంది వచ్చింది. వాయిద్యాల జాబితాలో జముకు నాకు కనిపించలేదు. తాత్కాలికంగా తంత్రీవాద్యం అని పెట్టి, వివరణలో జముకు నిర్మాణాన్ని రాసి, కొత్త వాయిద్యంగా చేర్చమని అభ్యర్థన పెట్టాను. ఇలాంటి పనికి ఓపిక కావాలి. కానీ ఒకసారి అక్కడ చేరితే, ఆ సమాచారాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు.

యాస గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే సొంత పాటలు చేసే మన పిల్లలకు తగిలే మొదటి దెబ్బ అదే. శ్రీకాకుళం యాసలో పాడిన ఒక విషాద గీతం కింద ‘కామెడీ బాగుంది’ అని ఎవరో రాశారు. పాడిన అమ్మాయి, వలస వెళ్ళిన తండ్రి కోసం రాసుకున్న పాట అది. సినిమాల్లో ఈ యాసను నవ్వించే పాత్రలకు ఎక్కువగా అంటగట్టడం వల్ల, ఆ మాటతీరు వినగానే నవ్వాలన్న అలవాటు కొందరిలో పాతుకుపోయింది. నేను ఆ అభిప్రాయం కింద కోపంగా రాయలేదు. రెండో చరణంలో ‘నానొక్కదాన్నే’ అన్నచోట ఆ అమ్మాయి ‘నా’ను ఎంతసేపు నిలిపిందో గమనించమనీ, ‘నేను’ అని పాడి ఉంటే ఆ స్వరానికి అంత చోటు ఉండేది కాదనీ రాశాను. వాడుక భాష కోసం జీవితాన్ని ధారపోసిన గిడుగు రామమూర్తి గారు 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. ఆ నేల మీద ఒక ఆడపిల్ల తన మాటలో తన దుఃఖం పాడుకోవడానికి సంజాయిషీ ఇచ్చుకోవలసిన అవసరం లేదు. ఇది నాకు అభిప్రాయం మాత్రమే కాదు, పట్టుదల కూడా. ఆ తరువాతి పాటను ఆ అమ్మాయి పుస్తక భాషలోకి మార్చి పాడబోయి, ఈ మాటలు చదివి మానుకున్నానని నాకు రాసింది.

రేటింగులు ఇవ్వమని చాలామంది అడుగుతారు. సినిమాలకు 2.75, 3.25 అని ఇచ్చే అలవాటు మన తెలుగువారికి బాగా ఉంది. సంగీతంలో ఈ దశాంశాల పద్ధతికి పేరు తెచ్చింది పిచ్‌ఫోర్క్ అనే వెబ్ పత్రిక. 1996లో రయన్ ష్రైబర్ అనే యువకుడు అమెరికాలో మినియాపోలిస్ దగ్గర తల్లిదండ్రుల ఇంట్లో ఉంటూ దాన్ని మొదలుపెట్టాడు. పెద్ద పత్రికలు పట్టించుకోని బృందాల గురించి రాసి, ఎందరినో వెలుగులోకి తెచ్చాడు. సున్నా నుంచి పది వరకూ దశాంశాలతో ఇచ్చే ఆ మార్కు ఒక బృందం దశను మార్చేంత బలం పుంజుకుంది. తరువాత అది పెద్ద సంస్థ చేతికి పోయి, 2024 జనవరిలో ఆ సంస్థకే చెందిన మరో పత్రికలో కలిసిపోయింది. ఆ కుర్రవాడి పట్టుదల మీద నాకు గౌరవం ఉంది, మార్కుల మీద లేదు. రోజూ మార్కులు వేసేదాన్నే కాబట్టి చెబుతున్నాను, అంకె కనబడిన తరువాత పక్కన రాసిన వ్యాఖ్యను ఎవరూ చదవరు.

బాగాలేని పాట గురించి రాయాలా వద్దా అన్నది ఎక్కువ ఆలోచించాల్సిన విషయం. లక్షల పెట్టుబడితో, భారీగా ప్రచారం చేసుకునే పాట బాగాలేకపోతే నేరుగా రాస్తాను. మొదటి పాట పెట్టిన పిల్లల విషయంలో బహిరంగంగా బాగున్నది రాసి, లోపాన్ని వారికి విడిగా రాస్తాను, అదీ సరిదిద్దుకోగలిగిన లోపమైతేనే. శ్రుతి తప్పిన చోటును యంత్రంతో సరిచేసి గొంతును ఇనుములా చేసుకుంటున్నవారు చాలామంది ఉన్నారు. ఆ సవరణను కాస్త తగ్గించమని చెబితే చాలామంది విన్నారు. కొందరు అలిగారు. అలిగినవారిలో ఒకరు తరువాతి పాటను విడుదలకు ముందే పంపి అడిగారు.

డబ్బిచ్చి పొగడమని అడిగేవారు వస్తారు. డబ్బు తీసుకుని చేసే ప్రచారాన్ని ప్రచారమని స్పష్టంగా చూపించాలని ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో మార్గదర్శకాలు ఇచ్చింది, ఆ మాట వారికి చెప్పి, నేను అసలు తీసుకోనని కూడా చెబుతాను. తెలిసినవారి పాట అయితే ‘వీరు నాకు తెలుసు’ అని మొదటే రాస్తాను. విజయనగరం చిన్న ఊరు, అందరూ ఏదో ఒక దారిలో తెలిసినవారే అవుతారు కాబట్టి ఈ వాక్యం తరచుగా రాయవలసి వస్తుంది.

నచ్చిన పాటకు డబ్బు ఎలా ఇవ్వాలని చదివినవారు అడగడం ఈ మధ్య పెరిగింది, ఇది నాకు ఎంతో సంతోషం కలిగించే సంగతి. బ్యాండ్‌క్యాంప్‌లో పాట కొంటే సంస్థ సాధారణంగా 15 శాతం తీసుకుంటుంది, చెల్లింపు రుసుము కూడా పోను మిగతాది కళాకారుడికి వెళ్తుంది. 2020 మార్చి నుంచి కొన్ని శుక్రవారాల్లో ఆ వాటా కూడా వదులుకుంటోంది. కానీ అక్కడ చెల్లింపులు పేపాల్ ద్వారా వెళ్తాయి, పేపాల్ 2021 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో దేశీయ చెల్లింపులను ఆపేసింది. అందుచేత విదేశంలో ఉన్న తెలుగువారికి ఆ దారి పనికొస్తుంది గాని, ఇక్కడి శ్రోత ఇక్కడి గాయకుడికి అలా ఇవ్వడం చిక్కైన పని. మనవాళ్ళు దీనికి తేలికైన మార్గం చూసుకున్నారు. వీడియో చివర్లోనో వివరాల్లోనో యూపీఐ క్యూఆర్ పెడుతున్నారు. మధ్యలో ఎవరూ ఉండరు, ఇరవై రూపాయలైనా పంపవచ్చు. ఆ క్యూఆర్ పాడినవారిదేనా, ఎక్కించినవారిదా అన్నది నేను ఫోను చేసి కనుక్కున్న తరువాతే నా రాతలో దాని ప్రస్తావన తెస్తాను.

పెద్దాయన మనవరాలు పరీక్షలు అయ్యాక తాతగారి పేరుతోనే ఒక ఛానెల్ తెరిచింది. మొదటి వీడియో వివరాల్లో బృందంలోని అందరి పేర్లూ ఉన్నాయి, చనిపోయిన జముకు కళాకారుడి పేరు, దాని పక్కనే ఆయన దగ్గర నేర్చుకుని ఇప్పుడు వాయిస్తున్న కొడుకు పేరు కూడా ఉన్నాయి. రెండో వీడియోలో ఊరి తప్పెటగుళ్ళవారు కూడా కలిశారు. దాని గురించి రాస్తూ, తప్పెట పెద్దగా మోగిన ప్రతిసారీ తాతగారి గొంతు వెనక్కి పోతోందనీ, 3 నిమిషాల తరువాత మరీ ఎక్కువగా ఉందనీ చెప్పాను. ఫోను పెద్ద శబ్దం వినగానే తనంతట తానే మొత్తం స్థాయిని తగ్గించుకోవడం వల్ల అలా జరుగుతుంది. గొంతుకు దగ్గరగా ఒక ఫోను, తప్పెటలకు దూరంగా మరొకటి పెట్టి విడివిడిగా రికార్డు చేసి, మొదట్లో ఒక చప్పట కొట్టి దాని ఆధారంగా రెంటినీ కలపవచ్చని రాశాను. “రెండో ఫోను అన్నయ్యది ఉంది మేడం, ఆడు పండక్కి వస్తాడు, అప్పుడు మళ్ళీ తీస్తాం. మీరు బేగి వినీసి సెప్పాలి” అని ఆ అమ్మాయి జవాబిచ్చింది.